పాత సైనిక వాహనాలు – చరిత్రకు న్యాయం

(కర్నూలులో జరిగిన మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో విశ్రాంత హెడ్ మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి పింఛను సంగతి, మెడికల్ కార్డుల సంగతి విని అందరూ అలసిపోయి ఉన్నారు. భోజనాల వేళ దగ్గరపడింది. ఇలాంటప్పుడు మైకు ఇవ్వడమంటే ఇచ్చేవారికి ధైర్యం ఉండాలి, తీసుకునేవాడికి మొండితనం ఉండాలి. కార్యదర్శిగారు "నీకు తెలిసిన పని గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నాకు తెలిసినది బండి ఒక్కటే. 1966లో క్లీనరుగా చేరి 2004లో హెడ్ మెకానిక్‌గా దిగిపోయినవాణ్ణి. అందువల్ల బండి గురించే మాట్లాడతాను. అందులోనూ పాత సైనిక వాహనాలను బాగుచేసి పదిమందికి చూపించే పని గురించి. మన ఊళ్ళలో బడి వార్షికోత్సవాలకు, పంద్రాగస్టు ఊరేగింపులకు ఈ ముచ్చట ఈమధ్య బాగా పెరిగింది. మన సభ్యుల్లో మెకానిక్కులు, పెయింటర్లు, టింకర్లు ఉన్నారు కాబట్టి పిలుపు మనకే వస్తుంది. ఆ పిలుపు వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పడానికి ముందు, నేను ఏం చేయకూడనిది చేశానో చెప్పాలి.

1997లో దేశమంతటా స్వాతంత్ర్య స్వర్ణోత్సవాలు జరిగాయి. మా పట్టణంలో ఒక పెద్దమనిషి దగ్గర పాత జీపు ఉండేది. ఊరేగింపులో దానిని యుద్ధపు జీపుగా నడిపించాలని ఆయన కోరిక. సెలవురోజుల్లో కూర్చుని నేనే ఆ పని చేశాను. డెంటింగు చేసి, పుట్టీ పెట్టి, సైన్యం పచ్చ రంగు కొట్టి, బానెట్ మీద తెల్ల నక్షత్రం వేసి, పక్కన "కాశ్మీరు 1948" అని రాయించాను. రాయమన్నది ఆయన, రాయించినది నేను. బండి మెరిసిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

ఊరేగింపు బయలుదేరే ముందు ఒక ముసలాయన చేతిలో బంతిపూల దండ పట్టుకుని వచ్చాడు. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి, "మేస్త్రీ, ఈ బండి మూతి ఇంత ఎత్తుందేమి? మేము తోలిన బండికి ఇంత ఎత్తు లేదే" అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన మెల్లగా, "మావోళ్ళు ఇద్దరు అట్లాంటి బండిలోనే పోయినారు. వాళ్ళకని దండ తెచ్చినా. ఇది ఆ బండి కాదు గదా, దీనికి ఎట్లా వేసేది?" అని దండ పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. కోప్పడలేదు, నలుగురిలో నన్ను నిలదీయలేదు. అదే నాకు ఇన్నేళ్ళూ గుచ్చుకుంటూ ఉంది.

ఆయన చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. జీపు కథ వర్క్‌షాపు మనుషులకైనా అందరికీ తెలియదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1940లో అమెరికా సైన్యం చిన్న, తేలిక, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని కంపెనీలను అడిగింది. మొదట చేసి చూపించినది బాంటమ్ అనే చిన్న కంపెనీ. పెద్ద ఎత్తున తయారుచేసినవి మాత్రం విల్లీస్, ఫోర్డు కంపెనీలు. 1945 వరకు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం ముగిసే నాటికి బర్మా సరిహద్దులోనూ మన దేశంలోనూ ఎన్నో మిగిలాయి. మన సైన్యం 1947–48లో కాశ్మీరులో వాడిన జీపులు ఆ కాలానివే.

ఆ యుద్ధకాలపు జీపును గుర్తుపట్టడం కష్టం కాదు. బానెట్ పల్లంగా ఉంటుంది. ముందరి రేకు గ్రిల్లులో తొమ్మిది చీలికలు ఉంటాయి. హెడ్‌లైట్లు చిన్నవి, గ్రిల్లుకు లోపలివైపు ఉంటాయి. రాత్రిపూట రిపేరు వస్తే ఆ లైటునే వెనక్కి తిప్పి ఇంజను మీదికి వెలుతురు పడేటట్లు చేయవచ్చు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కింద ఉంటుంది. వెనుక దించే తలుపు ఉండదు, స్టెపినీ వెనుకభాగానికే తగిలించి ఉంటుంది. కరెంటు ఆరు వోల్టులు. ఫోర్డు వారు చేసినదైతే బోల్టుల తలల మీద కూడా ఫోర్డు పేరులోని మొదటి అక్షరం కనిపిస్తుంది. యుద్ధం తరువాత సామాన్య జనానికని చేసిన జీపులకు గ్రిల్లులో ఏడు చీలికలు, పెద్ద లైట్లు, వెనుక దించే తలుపు వచ్చాయి. ఇక బానెట్ ఎత్తుగా ఉండే సి.జె. 3బి రకం 1953లో గాని పుట్టలేదు. దాని ఇంజనులో వాల్వు పైకి వచ్చింది కాబట్టి మూత ఎత్తు పెంచవలసి వచ్చింది. ఆ రకాన్నే మన దేశంలో మహీంద్రా కంపెనీ చాలాకాలం తయారుచేసింది. మన సీమలో మనం చూసిన జీపుల్లో ఎక్కువ భాగం అవే.

అంటే నేను 1953లో పుట్టిన బండి మీద 1948 అని రాయించాను. కొడుకు పెళ్ళి ఫోటోలో తాత పేరు రాసినట్లయింది. ఆ తెల్ల నక్షత్రం కూడా రెండవ ప్రపంచయుద్ధంలో మిత్రరాజ్యాల బండ్లకు వేసిన గుర్తు. సినిమాల్లో చూసి వేశాను.

"దానికేముంది, జనానికి దేశభక్తి కలిగితే చాలు గదా" అని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కాని ఆలోచించండి. ప్రదర్శనలో పెట్టిన బండి ఒక సాక్షి లాంటిది. కోర్టులో సాక్షి మంచి ఉద్దేశంతో అబద్ధం చెప్పినా అబద్ధమే. ఒక అబద్ధం బయటపడితే అతడు చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు. యుద్ధానికి నిజంగా వెళ్ళివచ్చిన బండ్లు మన దేశంలో ఉన్నాయి. నకిలీ వాటి వల్ల నష్టపోయేది అవే.

ఇంకొక సంగతి. రంగు వేసి కొత్తదనిపించే విద్యకు మన దేశం ఒకసారి మూల్యం చెల్లించింది. 1948లో కాశ్మీరు యుద్ధం జరుగుతుండగా విదేశంలో రెండు వేల పాత జీపులను బాగుచేయించి తెప్పించుకోవడానికి ఒప్పందం కుదిరింది. వచ్చినవి 155. అవి కూడా పనికి రావని తేలింది. పార్లమెంటులో పెద్ద గొడవ అయింది. పుట్టీ కింద తుప్పు దాచితే ఏమవుతుందో మన వృత్తివారికి వేరే చెప్పనక్కరలేదు.

సరిగా చేసినవారూ ఉన్నారు. 1971 డిసెంబరు 16న బసంతర్ పోరులో పూనా హార్స్ దళానికి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ వీరమరణం పొందిన సెంచూరియన్ ట్యాంకు పేరు ఫామగుస్తా. ఆ ట్యాంకును ఆ పేరుతోనే నిలిపి, మహారాష్ట్రలో నిన్నమొన్నటి దాకా అహ్మద్‌నగర్ అని పిలిచిన ఊళ్ళో సాయుధ వాహన దళ కేంద్రంలో భద్రపరిచారు. అలాంటి ట్యాంకు ఇంకొకటి తెచ్చి ఆ పేరు రాసి ఉంటే చూసేవారికి తేడా తెలియకపోవచ్చు. కాని ఆ అబ్బాయి కూర్చున్న చోటు ఇదేనని తెలిసి చెయ్యి పెట్టడం వేరు, అలాంటిదేదో ఒకటి తాకడం వేరు.

మన రాష్ట్రంలోనే విశాఖపట్నం బీచిలో కుర్సురా జలాంతర్గామి ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. 1969 డిసెంబరు 18న సోవియట్ దేశంలో మన నావికాదళంలో చేరి, 31 సంవత్సరాలు పనిచేసి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. అంటే మనలాగే పూర్తి సర్వీసు చేసి రిటైరయింది. 91 మీటర్ల ఆ ఓడను ఒడ్డుకు లాగి 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. లోపల గొట్టాలు, మీటర్లు, పడుకునే బల్లలు ఎలా ఉండేవో అలా ఉన్నాయి. జనం ఎక్కి దిగడానికి వీలుగా మెట్లు, దారులు ఏర్పాటు చేశారు. అది మార్పే. కాని ఎందుకు చేశారో చూడగానే తెలిసిపోతుంది, దాచిపెట్టినది కాదు. లోపల వివరించేవారు నావికాదళంలో చేసి రిటైరైనవారు కావడం దాని అసలు బలం.

నేను చూడడానికి వెళ్ళినప్పుడు నా వెనుక ఒకాయన తన కొడుకుతో "ఘాజీని ముంచినది ఇదేరా" అన్నాడు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3–4 తేదీల రాత్రి విశాఖ దగ్గర మునిగిన మాట నిజం. మన నావికాదళం ఆ ఘనతను రాజ్‌పుత్ అనే యుద్ధనౌకకు ఇచ్చింది. లోపలి పేలుడు వల్ల మునిగిందని మరొక వాదన ఉంది. కుర్సురా ఆ యుద్ధకాలంలో పనిచేసినది అరేబియా సముద్రంలో. 2017లో వచ్చిన ఘాజీ సినిమాలో ఒక జలాంతర్గామి దానిని ముంచినట్లు చూపించారు. సినిమా సినిమాగా బాగుంది. కాని కుర్సురాకు దాని సొంత చరిత్ర ఉంది, పక్కదాని చరిత్ర అరువు తెచ్చిపెట్టనక్కరలేదు.

ట్యాంకుల విషయంలోనూ ఇంతే. ఊరి కూడలిలో ఏ ట్యాంకు పెట్టినా మనవాళ్ళు "ప్యాటన్ ట్యాంకు" అంటారు. 1965లో మనవాళ్ళు పట్టుకున్న ప్యాటన్ల కీర్తి అంతటిది. చూడగానే గుర్తుపట్టే చిట్కా చెబుతాను. పక్కన చక్రాలు లెక్కపెట్టండి. అయిదే ఉండి, మొదటి చక్రానికీ రెండవ చక్రానికీ మధ్య సందు ఎక్కువగా ఉంటే అది రష్యా టి-55. ఆరు చక్రాలు ఉంటే ప్యాటన్ కావచ్చు, మనం ఆవడిలో తయారుచేసిన విజయంత కావచ్చు. అప్పుడు ఇంకా నిదానంగా చూడాలి. టి-55కు మొదట ఉన్నది 100 మిల్లీమీటర్ల ఫిరంగి. తరువాతి కాలంలో మన సైన్యం చాలావాటికి 105 మిల్లీమీటర్లది బిగించింది. ఆ మార్చిన ఫిరంగితో నిలబెట్టి "1971లో ఇలాగే పోరాడింది" అని రాస్తే మళ్ళీ నా 1948 కథే.

ఇప్పుడు రెండవ జీపు సంగతి. 2022లో స్వాతంత్ర్యానికి 75 ఏళ్ళు నిండినప్పుడు నంద్యాల వైపు ఒక పల్లె నుండి ఒక కుర్రవాడు వచ్చాడు. వాళ్ళ తాత 1965 యుద్ధంలో మిలిటరీ డ్రైవరు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పెరట్లో చింతచెట్టు కింద ఆయన జీపు ఉంది. "తాత యుద్ధంలో తోలిన జీపు ఇదే సార్. బాగుచేసి ఇస్తే బళ్ళో పెట్టిస్తాం" అన్నాడు. నాకు హవల్దారు గుర్తొచ్చాడు. ఒప్పుకున్నాను గాని, ఈసారి బ్రష్షు పట్టకముందు రికార్డు చూస్తానన్నాను.

మొదట ఫోటోలు తీయించాను. తరువాత డ్యాష్‌బోర్డు కింద ఎవరికీ కనిపించని చోట అంగుళం మేర సన్న ఉప్పుకాగితంతో నీళ్ళు చల్లి రుద్దాను. పైన పచ్చ రంగు వచ్చింది. దాని కింద నీలం. నీలం కింద బూడిద రంగు. దాని కింద కంపెనీ ప్రైమరు. అడుగున ఎక్కడా సైన్యం రంగు లేదు. డ్యాష్‌బోర్డు మీద రుద్దగా రుద్దగా ఒక ప్రాజెక్టు డివిజను పేరు తాలూకు అక్షరాలు నాలుగు లేచాయి. ఆర్.సి. పుస్తకం వెతికించాను. ఇరిగేషను వారు వేలం వేయగా తాత కొన్నట్లు అందులో స్పష్టంగా ఉంది. ఆ బండి సైన్యం గడప ఎన్నడూ తొక్కలేదు.

ఆ మాట చెప్పడానికి నాకు వారం రోజులు పట్టింది. కుర్రవాడికి కోపం వచ్చింది. "ఇన్నేళ్ళూ మా తాత అబద్ధం చెప్పినాడా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు లోపలి నుండి వాళ్ళ జేజి వచ్చింది. "ఆయప్ప ఎన్నడూ చెప్పలేదురా ఈ జీపని. మీ నాయన చిన్నప్పుడు అనుకున్నాడు, ఆయప్ప కాదనలేదు, అంతే" అంది. ట్రంకుపెట్టెలో నుండి గుడ్డలో చుట్టిన డిశ్చార్జి బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "చదువు అన్నా, నాకు రాదు గదా. దీంట్లో ఏముందో ఇంతవరకు ఎవురూ నాకు చదివి చెప్పలేదు" అంది.

చదివాను. ఆయన తోలినది జీపు కాదు, లారీ. గుండ్లు మోసే పెద్ద లారీ. యుద్ధంలో లారీ డ్రైవరు పని ఎలాంటిదో ఇక్కడున్న డ్రైవరు సోదరులకు తెలుస్తుంది. వెనుక మందుగుండు, ముందు దీపం వేయకూడదు, దారి తెలియదు. ఆమె కళ్ళు తుడుచుకుని, "అయితే లారీనే. రాత్రిపూట నిద్రలో చేతులు తిప్పేటోడు, పెద్ద చక్రం మాదిరి" అంది. ఇంట్లో ఎవరికీ తెలియని మాట అది.

ఆ పంద్రాగస్టుకు జీపు ఊరేగింపులో వెళ్ళలేదు. కుర్రవాడు నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. తరువాత తనే ఫోను చేశాడు. బండికి పచ్చ రంగు తీసేసి, అడుగున దొరికిన బూడిద రంగే వేశాం. డ్యాష్‌బోర్డు మీద ఆ నాలుగు అక్షరాలు ముట్టుకోలేదు. పక్కన పలకమీద "ఇది కాలువల సర్వే కోసం తిరిగిన ఇరిగేషను శాఖ జీపు" అని రాశాం. ఇంకొక అద్దాల పెట్టెలో తాత డిశ్చార్జి బుక్కు నకలు, ఫోటో పెట్టాం. వానకోసం ఆకాశం చూసే మన సీమలో కాలువకు కొలత వేసిన జీపు యుద్ధపు జీపుకంటే తక్కువదేమీ కాదని నా అభిప్రాయం. 1963లో శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిన తరువాత ఇలాంటి జీపులు ఎన్ని గుట్టలెక్కాయో మనలో పాతవారికి తెలుసు.

ఇక మన సభ్యులకు కొన్ని సూచనలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. చెయ్యి పెట్టకముందు ఫోటో తీయండి, నోటుబుక్కులో రాయండి. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ముందుగా రాసుకోండి. ఏ రంగు పొర కింద ఏ రంగు ఉందో రాయండి. రంగు ఊడగొట్టడం నిమిషం పని, పోయిన సాక్ష్యం మళ్ళీ రాదు.

రెండు. బండిని ఏ సంవత్సరంలో ఉన్నట్లు చూపాలో ముందే తేల్చుకోండి. 1965 నాటి బాడీ, 1980 నాటి లైట్లు, నిన్నటి టైర్లు కలిపితే అది ఏ కాలానికీ చెందదు.

మూడు. తీసేసిన పాత భాగాన్ని పాత ఇనుముకు అమ్మకండి. చీటీ కట్టి డబ్బాలో దాచండి. కొత్తగా చేసి బిగించిన భాగానికి లోపలివైపు తేదీ కొట్టండి. 2012లో ప్రపంచ పాత వాహనాల సమాఖ్య ఆమోదించిన టురిన్ ఒడంబడిక సారాంశం కూడా ఇదే. ఉన్నదాన్ని కాపాడటం ముందు, బాగుచేయడం తరువాత, మార్పు చేస్తే అది తెలిసేటట్లు చేయాలి.

నాలుగు. తెలియనిచోట ఊహతో నింపకండి. దళం గుర్తు, పతకం గుర్తు, యుద్ధం పేరు ఆధారం లేకుండా రాయకండి. అవి ఎవరో రక్తం పెట్టి సంపాదించుకున్నవి. చెక్క తుపాకి పెడితే "నమూనా" అని పలక మీద రాయండి.

అయిదు. చట్టం చూసుకోండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రక్షణశాఖ బండ్లకు తప్ప ఇతరులకు ఆ ఆలివ్ పచ్చ రంగు వేయకూడదు. బాణం గుర్తు నంబరు ప్లేటు సైన్యానిది. ఇక 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత బండ్లకు ప్రత్యేకమైన నంబరు వరుస ఇస్తున్నారు. చాసిస్, బాడీ, ఇంజను మార్చేసిన బండికి అది రాదు. అసలు రూపానికి ఇప్పుడు విలువ వచ్చిందన్నమాట.

ఆరు. మన ఎండను మరచిపోకండి. సముద్రం ఒడ్డున తుప్పు శత్రువు. మన దగ్గర గాలి పొడి కాబట్టి ఇనుము కొంత నిలుస్తుంది గాని రబ్బరు, రంగు, వైరింగు ఎండకు చచ్చిపోతాయి. నీడ లేకుండా నిలబెట్టకండి. కడప బండలు పరిచి, జాకీల మీద ఎత్తి, టైర్ల మీద బరువు పడకుండా చూడండి. అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా వానాకాలం ముందే చూడండి.

ఏడవది అన్నిటికంటే ముఖ్యమైనది. మీ ఊళ్ళో సైన్యంలో చేసి వచ్చినవారు ఉంటారు. పని మొదలుపెట్టకముందు వారి దగ్గరికి వెళ్ళి అడగండి. ఏ పుస్తకంలోనూ లేని మాట వారి దగ్గర ఉంటుంది. మన సంఘం తరఫున అలాంటివారి డిశ్చార్జి బుక్కులు, ఫోటోలు నకలు తీయించి భద్రపరిస్తే బాగుంటుందని ఈ సభకు మనవి చేస్తున్నాను. బండి ఇంకొక యాభై ఏళ్ళు ఉంటుంది. వారు ఉండరు.

1997 నాటి హవల్దారుగారిని తరువాత వెతుక్కుంటూ వెళ్ళాను. ఆలస్యం చేశాను. ఆయన అప్పటికే కాలం చేశారు. పెద్దమనిషిని బతిమాలి ఆ జీపు మీది "కాశ్మీరు 1948" అన్న అక్షరాలను నా చేతులతోనే గీకేశాను. చేయగలిగినది అంతే.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు.